ఇద్దరు మోయగలిగే పడవ: తిరుపతి వైపు ఇంట్లోనే ప్లైవుడ్ తెడ్ల పడవ చేసుకునేవాళ్లకి

ఏ ప్లాన్ అయినా తెరిచే ముందు ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న 25 కిలోల బియ్యం బస్తాను, రేపు మీతో పడవ మోయడానికి వచ్చే మనిషితో కలిసి చెరో వైపు పట్టుకుని వీధి చివరిదాకా నడిచి రండి. తర్వాత రెండు బస్తాలు కట్టగట్టి అదే పని చేయండి. మొదటిది దాదాపుగా 8 అడుగుల పడవ బరువు. రెండోది 12 అడుగులది. రెండోసారి తిరిగొచ్చేటప్పుడు మీ ఇద్దరి ముఖాలు ఎలా ఉన్నాయో చూసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

నేను ఇప్పటికి రెండు చేశాను. ముందు 12 అడుగులది, నాలుగేళ్ల తర్వాత 8 అడుగులది. నీళ్ల మీద మొదటిదే బాగుంటుంది, అందులో సందేహం లేదు. కానీ మన తిరుపతి, చిత్తూరు వైపు పడవ నీళ్ల మీద ఉండే రోజుల కంటే భుజం మీదా, ట్రాలీ ఆటోలోనూ, మిద్దె కింద నీడలోనూ ఉండే రోజులే ఎక్కువ. అందుకే కింద ప్రతి ఎంపికనీ నేను ముందు బరువుతోనే తూచాను. విదేశీ ప్లాన్లు చూసి చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఎందుకో ప్లై గురించి రాసేటప్పుడు చెప్తాను.

ముందు మీ నీళ్లు ఏవో తేల్చుకోండి

స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. కల్యాణి డ్యామ్ నీళ్లు తిరుపతికీ తిరుమలకీ తాగడానికి పోతాయి, అక్కడ పడవ ఊసే ఎత్తకండి. మిగిలేవి చెరువులు, చిన్న ప్రాజెక్టులు. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు ఉంది. పిచ్చాటూరు దగ్గర అరణియార్, కార్వేటినగరం వైపు కృష్ణాపురం ప్రాజెక్టు ఉన్నాయి. వీటికి ప్రాణం ఈశాన్య రుతుపవనాలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు బాగా పడిన ఏడాది చెరువు కట్ట అంచు దాకా నిండుతుంది. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి మనందరికీ గుర్తే. వానలు లేని ఏడాది అదే చెరువులో గొర్రెలు మేస్తాయి.

తూర్పున తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ సరస్సు ఉంది. అక్కడి లెక్క వేరు. నీళ్లు ఉప్పగా ఉంటాయి, వెడల్పు కంటికి ఆనదు, లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుము దాటదు. గాలి లేస్తే చిన్న చిన్న అలలు దగ్గర దగ్గరగా వస్తాయి. అది పక్షుల అభయారణ్యం కూడా, కాబట్టి అటవీశాఖ వాళ్లని అడగకుండా పడవ దించకూడదు.

చెరువులకైనా అనుమతి కావాలి. నీళ్లు ఇరిగేషన్ వాళ్లవి, చేపలు చాలాచోట్ల మత్స్యకార సొసైటీవి. నేను ముందు సొసైటీ వాళ్ల దగ్గరికే వెళ్లాను. వలలు ఎక్కడ కట్టారో, నీళ్ల కింద ఏ తుమ్మ మొద్దు దాక్కుని ఉందో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒక సాయంత్రం కట్ట మీద కూర్చుని మాట్లాడితే, ఏ మ్యాపులోనూ దొరకని విషయాలు చెప్తారు.

మీ నీళ్లు చెరువైతే అడుగు చదునుగా ఉన్న పడవే చాలు. పులికాట్ వైపైతే ముక్కు కోసుగా, పక్కలు కాస్త ఎత్తుగా ఉండాలి, మేకులూ స్క్రూలూ మామూలు ఇనుపవి పనికిరావు. మంచినీళ్లకి 304 స్టీలు సరిపోతుంది, ఉప్పునీళ్లకి 316 తీసుకోండి, లేదా సిలికాన్ కంచు (బ్రాంజ్).

8 అడుగుల మొద్దుముక్కు పడవా, 12 అడుగుల కోసుముక్కు పడవా

8 అడుగుల పడవల్లో ఎక్కువ భాగం ప్రామ్‌లు. అంటే ముందు కూడా వెనకలాగే పలక ఉంటుంది, ముక్కు కోసేసినట్టు. చూడటానికి నీళ్లతొట్టిలా కనిపిస్తుంది గానీ పొట్టి పడవకి ఆ రూపమే న్యాయం. కోసుముక్కు పెడితే ముందు రెండడుగుల్లో చోటు, తేలే శక్తి రెండూ పోతాయి. రెండు షీట్లతో పని అయిపోతుంది. ట్రాలీ ఆటో వెనక తలుపు దించితే పడుతుంది.

దాని లోపం దాని పొట్టితనమే. తెడ్డు లాగినప్పుడు కదులుతుంది, తెడ్డు ఎత్తగానే ఆగిపోతుంది. నీటిలో పొడవు పెరిగేకొద్దీ పడవ సులభంగా అందుకోగల వేగం పెరుగుతుంది. నీటి అంచు దగ్గర 7 అడుగులున్న పడవకి ఆ హద్దు గంటకు ఆరున్నర కిలోమీటర్ల దగ్గర ఉంటే, 11 అడుగులున్నదానికి 8 దాటుతుంది. తెడ్డేసే మనిషి ఆ హద్దు దాకా ఎప్పుడూ పోడు గానీ, ఒక్క లాగుకి ఎంత దూరం జారుతుందన్నది వెంటనే తెలిసిపోతుంది. నా పన్నెండడుగులది ఒక్క లాగుకి రెండు పడవల పొడవు జారేది. ఆ సుఖం చిన్నదానిలో లేదు.

ఎంతమందిని మోస్తుందో ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. ఇద్దరు మనుషులు 130 కిలోలు, పడవ 30, తెడ్లూ సామాన్లూ 10. మొత్తం 170 కిలోలు. అంటే పడవ 170 లీటర్ల నీటిని పక్కకు తోయాలి. ప్రామ్ అడుగు వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు అనుకుంటే 11 సెంటీమీటర్లు మునుగుతుంది, అడుగుకి ఉండే వంపు వల్ల ఇంకాస్త. పక్కలు 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే నిశ్చింతగా కూర్చోవచ్చు. మూడో మనిషి ఎక్కితే లెక్కలో తేలుతుంది గానీ, ముగ్గురూ కూర్చోడానికి సరైన చోట్లు లేక ఒక కొన బరువెక్కి కూరుకుపోతుంది. ఇద్దరితోనే ఆపండి.

కాబట్టి ఇలా తేల్చుకోండి. ఇల్లు చెరువు పక్కనే ఉండి, పడవను అక్కడే కట్టేసుకునే వీలుంటే 12 అడుగులది చేయండి, పశ్చాత్తాపపడరు. తిరుపతి టౌన్లో ఉంటూ ఆదివారం ఆదివారం తీసుకెళ్లాలంటే 8 అడుగులదే. మధ్యలో 10 అడుగులు ఉంది కదా అంటారు. షీటు పొడవు 8 అడుగులే కాబట్టి 10కైనా 12కైనా అతుకు వేయక తప్పదు. ఆ శ్రమ ఎలాగూ పడేటప్పుడు 12కే పడండి.

ఇంకో కొలత కూడా తీసుకోండి, ఇది మరీ ముఖ్యం. పడవ వెడల్పు నాలుగడుగులు ఉంటుంది. మీ గేటు ఎంత, సందు ఎంత, మిద్దె మీద చేస్తే మెట్ల మలుపు ఎంత? నేను మొదటి పడవను మిద్దె మీద రేకుల షెడ్డు కింద చేశాను. పూర్తయ్యాక పిట్టగోడ మీంచి మోకులు కట్టి నలుగురం దించాం. దించుతున్న ఆ పది నిమిషాలూ గుండె చేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

తీగతో కుట్టి అతికించడమా, చట్రం కట్టి మేకులు కొట్టడమా

చట్రం పద్ధతి మన ఆచారులకి అలవాటైనదే. లోపల అడ్డకర్రలు, మూలల వెంట పొడుగు కర్రలు పెట్టి, వాటి మీద ప్లై పరిచి జిగురుతో, స్క్రూలతో బిగిస్తారు. కుట్టే పద్ధతిలో లోపలి చట్రమే ఉండదు. ముక్కలు కోసి, అంచుల వెంట బెజ్జాలు వేసి, తీగతో కుట్టి పడవ ఆకారం తెప్పించి, లోపలి మూలలో ఎపాక్సీ (రెజిన్, హార్డనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద పూసి, దాని మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ అతికిస్తారు. ఇంగ్లండులో డైలీ మిర్రర్ పత్రిక పేరుతో 1963లో వచ్చిన మిర్రర్ డింగీ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. దాన్ని రూపొందించింది బ్యారీ బక్నెల్, జాక్ హోల్ట్. వడ్రంగం రాని మామూలు మనుషులు ఇళ్లలో కిట్లు తెచ్చుకుని కట్టుకునే ఆ పడవలు 70 వేలకు పైగా తయారయ్యాయి.

నేను మొదటిది చట్రంతో, రెండోది కుట్టి చేశాను. మొదటిదానికి మా వీధి చివరి ఆచారి సాయం పట్టాను. ఆయన మొదటిరోజు షెడ్డులోకి వచ్చి చుట్టూ చూసి, "ఏంది సామీ, చెరువులో చుక్క నీళ్లు లేవు, మీరు పడవ చేస్తా ఉండారే?" అన్నారు. కానీ చిత్రిక పట్టడం మొదలుపెట్టాక ఆయనే పొద్దున్నే నాకంటే ముందు వచ్చి కూర్చునేవారు. చట్రం పద్ధతి ఎంచుకుంటే అలాంటి చెయ్యి పక్కన ఉండాలి. మూల కర్రకి ఏటవాలు కోత పెట్టడం, అది పడవ పొడవునా మారుతూ పోవడం, కొత్తవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

అంతకంటే పెద్ద చిక్కు కర్ర దగ్గర వస్తుంది. 12 అడుగుల పొడవున, ముడులు లేకుండా, బాగా ఆరిన సన్న కర్ర మన టింబర్ డిపోల్లో వెంటనే దొరకదు. పచ్చి కర్ర పెడితే ఎండలకి మెలి తిరిగి ప్లైని కూడా తనతో లాగేస్తుంది. నా మొదటి పడవ ఎడమ పక్క ఇప్పటికీ కాస్త అలా ఉబ్బే ఉంది. పైగా ఆ కర్రలన్నీ బరువే.

ఒంటరిగా చేసుకునేవాళ్లకి కుట్టే పద్ధతినే చెప్తాను. దానిలో నైపుణ్యం కంటే ఓపిక ఎక్కువ కావాలి. అంచు నుంచి 10 మిల్లీమీటర్ల లోపలికి, అరడుగుకి ఒకటి చొప్పున, 2 ఎంఎం బెజ్జాలు వేసుకోవాలి. కుట్టడానికి సెంట్రింగ్ వాళ్ల బైండింగ్ వైరు చవక, గట్టిది కూడా. కానీ తర్వాత ప్రతి కుట్టూ పీకాలి, ఒక్కటి లోపల మిగిలినా తుప్పు పట్టి ఆ చోట ప్లై నల్లబడుతుంది. ప్లాస్టిక్ ట్యాగులు తేలికే గానీ పదును కోణాల దగ్గర బిగువు రాదు. పాత ఇంటి వైరింగులో తీసేసిన 1/18 సింగిల్ కాపర్ వైరు దొరికితే అదే వాడండి. మెత్తగా వంగుతుంది, కటింగ్ ప్లేయర్‌తో రెండు మెలికలు తిప్పితే బిగుస్తుంది, లోపల మిగిలిపోయినా నష్టం లేదు.

కుట్టు పూర్తయ్యాక, ఎపాక్సీ డబ్బా మూత తీసేలోపు, ఒక గంట కూర్చుని కొలవండి. ముందు పలక మీద అడ్డంగా ఒక రీపరు, వెనక పలక మీద ఒక రీపరు పెట్టి వెనక నుంచి ఒంటి కన్నుతో చూస్తే రెండూ ఒకే గీతగా కనిపించాలి. మూల నుంచి మూలకి రెండు వైపులా దారం లాగితే ఒకే కొలత రావాలి. నా పడవలో 14 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఒక వెనక మూల కింద పాత పుస్తకం పెట్టి, మూడు కుట్లు వదులు చేసి, మళ్లీ బిగించాను. సరిపోయింది. జిగురు పడ్డాక ఆ మెలిక ఇక జన్మలో పోదు.

ముక్కలు గీసుకోవడం దగ్గర కూడా చాలామంది ఆగిపోతారు. ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో అసలు సైజులో ప్రింటు తీయించుకోవచ్చు, పని తొందరగా అవుతుంది. కానీ తెచ్చాక పొడవూ వెడల్పూ రెండు వైపులా టేపుతో కొలవండి. ఫ్లెక్స్ సాగుతుంది, ప్రింటులో స్కేలు మారుతుంది. నేను ప్లాన్‌లోని కొలతలు షీటు మీద చుక్కలు పెట్టుకుని, ముడి లేని సన్న టేకు రీపరు వంచి గీత గీశాను. రీపరు తనంతట తాను ఎలా వంగితే అదే పడవ వంపు. ఏ చుక్కైనా ఆ గీతకి దూరంగా ఉంటే మీరు కొలత తప్పు చదివారన్నమాట. అంతకంటే ముందు పదో వంతు సైజులో ఒక నమూనా చేసుకోండి, ఇంట్లో పడి ఉన్న శుభలేఖల అట్టలు, సెల్లోటేపు చాలు. అట్టలో అతకనిది ప్లైలోనూ అతకదు.

ప్లై: డబ్బు ఇక్కడ, లెక్క కూడా ఇక్కడ

షాపులో మూడు రకాలు చూపిస్తారు. ఎంఆర్ అంటే తేమ తట్టుకునేది, గది లోపలి ఫర్నిచరుకి. దాన్ని పక్కన పెట్టేయండి. రెండోది ఐఎస్ (భారత ప్రమాణం) 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీళ్లు తట్టుకునేది. మూడోది ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లై. రెండోదానికీ మూడోదానికీ తేడా జిగురు పరీక్షలో తెలుస్తుంది. బీడబ్ల్యూఆర్ ముక్క 8 గంటలు మరిగే నీళ్లలో నిలబడాలి, 710 ముక్క 72 గంటలు నిలబడాలి. 710కి పురుగు, బూజు పట్టకుండా మందు కూడా ఎక్కించాలి. ఆ మందు వల్లే దీన్ని కోసేటప్పుడు, సాండింగ్ చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

బీడబ్ల్యూఆర్‌తో చేయకూడదా అని అడుగుతారు. వాడి, తీసి, ఇంటికి తెచ్చి ఆరబెట్టే చిన్న పడవకి, అన్ని వైపులా ఎపాక్సీ పూస్తే, మంచి బీడబ్ల్యూఆర్ కొన్నేళ్లు పనిచేస్తుంది. కానీ ప్లై చదరపు అడుగు లెక్కన అమ్ముతారు, షీటుకి 32 అడుగులు. 8 అడుగుల పడవకి రెండే షీట్లు. అడుగు మీద తేడా ఎంతో అడిగి 64తో హెచ్చించి చూడండి. రెండు నెలల మీ చెమట ముందు ఆ మొత్తం పెద్దది అనిపించదు. నేనైతే 710 దగ్గర రాజీపడను.

ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మకండి. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 710 అన్న అంకె, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో తెలుస్తుంది. తర్వాత షీటు అంచును కళ్ల దగ్గర పెట్టుకుని నాలుగు వైపులా చూడండి. మధ్య పొరల్లో అక్కడక్కడా సన్నటి చీకటి సందులు కనిపిస్తే అవి ఖాళీలు. గోడ బీరువాకి ఆ ఖాళీ ఏమీ చేయదు. పడవలో మాత్రం సరిగ్గా అక్కడ వంచినప్పుడు ఫట్‌మని విరుగుతుంది, లేదా అక్కడే నీరు నిలుస్తుంది. రూపాయి బిళ్లతో షీటంతా తట్టుకుంటూ పోతే ఖాళీ ఉన్నచోట శబ్దం డొల్లగా మారుతుంది.

కొనే ముందు ఒక తునక అడిగి తెచ్చుకుని ఉడకబెట్టండి. నేను పెరట్లో కట్టెల పొయ్యి మీద పాత సత్తు గిన్నెలో రెండు షాపుల ముక్కలు పొద్దున 8 నుంచి సాయంత్రం దాకా మరిగించాను. నీళ్లు టీ డికాక్షన్ రంగుకి వచ్చాయి. రాత్రంతా ఆరబెట్టి పొద్దున్నే ఉలి మొనతో పొరల మధ్య గుచ్చి తిప్పాను. ఒక ముక్క పొరలు అరటి దొప్పల్లా విడిపోయాయి. రెండోది విడిపోకుండా కర్రే చీలింది, జిగురు గీత అలాగే ఉంది. ఆ రెండో షాపులోనే కొన్నాను.

ఇప్పుడు బరువు సంగతి. విదేశీ ప్లాన్లలో రాసిన బరువులు చాలావరకు ఒకూమే అనే తేలిక చెక్కతో చేసిన ప్లైవి. మన మెరైన్ ప్లై ఎక్కువగా గర్జన్ లాంటి బరువు చెక్కలతో వస్తుంది. 6 ఎంఎం ఒకూమే షీటు 8 కిలోల చుట్టూ ఉంటే మనది 12 దాటుతుంది. ప్లాన్‌లో 20 కిలోలు అని చూసి మురిసిపోయి, చేశాక 30 వచ్చిందని బాధపడేది ఇందుకే. నా రెండో పడవకి అడుగు భాగం 6 ఎంఎం, పక్కలు 4 ఎంఎం వేశాను. మన చెక్క గట్టిది కాబట్టి పక్కలకి 4 సరిపోయింది. పూర్తయ్యాక తూకం 27 కిలోలు. నేను అడిగిన షాపుల్లో 4 ఎంఎం మెరైన్ నిల్వ లేదు, ఆర్డరిస్తే తెప్పించారు. ఆ వారం ఆగండి.

అన్నట్టు, మన కొండల్లో చెక్క అనగానే కొందరు సరదాగా ఎర్రచందనం మాట ఎత్తుతారు. అది ముట్టుకుంటే జైలు. పైగా నీళ్లలో రాయిలా మునిగేంత బరువు.

ఎపాక్సీయా, ఫైబర్ షాపు రెజినా

ట్యాంకులు, విగ్రహాలు చేసే ఫైబర్ షాపుల్లో దొరికేది పాలిస్టర్ రెజిన్. చవక, తొందరగా గట్టిపడుతుంది. పూర్తిగా ఫైబర్‌తో చేసే పడవలకి అది సరైనదే. ప్లైకి అతికించడానికి మాత్రం కాదు. కర్ర ఎండకి, తడికి కదులుతూ ఉంటుంది, పాలిస్టర్ ఆ కదలికకి ఓర్చుకోలేక పొలుసుగా లేచిపోతుంది. కుట్టిన పడవలో మొత్తం బలం ఆ మూల అతుకులోనే ఉంది కాబట్టి అక్కడ ఎపాక్సీ తప్ప వేరే మాట వద్దు. ఇంకో హెచ్చరిక: పాలిస్టర్ వాడేవాళ్లు దానిలో కలిపే కోబాల్టునీ, హార్డనర్‌గా వాడే ఎంఈకేపీనీ ఎప్పుడూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకండి. పేలుతుంది.

ఎపాక్సీలోనూ తప్పుడు రకం తెచ్చుకునే ప్రమాదం ఉంది. క్రాఫ్ట్ షాపుల్లో బల్లల మీద పోసే ఆర్ట్ రెజిన్ కూడా ఎపాక్సీయే. అది పలచగా ఉండి నెమ్మదిగా గట్టిపడేలా చేసింది, నిలువు గోడ మీద నిలవదు. మీరు అడగాల్సింది లామినేటింగ్ ఎపాక్సీ, స్లో హార్డనర్‌తో. తిరుపతిలో దొరక్కపోతే చెన్నై నుంచి పార్శిల్ తెప్పించుకోవచ్చు. నా 8 అడుగుల పడవకి 5 కిలోల చిల్లర పట్టింది.

పాళ్లు కంపెనీ చెప్పినవే, వంటింటి డిజిటల్ తూకం మీద. ఎక్కువ హార్డనర్ పోస్తే తొందరగా గట్టిపడుతుందనుకోవడం పాలిస్టర్ అలవాటు. ఎపాక్సీలో పాళ్లు తప్పితే అది ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది, గీకి తీయడం తప్ప దారి లేదు.

మన ఎండ ఇక్కడ పెద్ద శత్రువు. వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన రెజిన్ చేతిలో నిలిచే సమయం సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో ఒకరోజు పదకొండు గంటలప్పుడు 400 గ్రాములు ఒకే మగ్గులో కలిపాను. ఫైబర్ పట్టీ కత్తిరించి వెనక్కి తిరిగేసరికి మగ్గులోంచి తెల్లటి పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన, మగ్గు అడుగు కరిగి నేలకి అతుక్కుపోయింది. అప్పటి నుంచి 150 గ్రాములకి మించి కలపను, కలపగానే వెడల్పు ట్రేలో పలచగా పరుస్తాను. పూత పనికి సాయంత్రం మంచిది. కర్ర చల్లబడుతూ ఉంటుంది కాబట్టి లోపలి గాలి బుడగలుగా పైకి రాదు. వానాకాలం వద్దు, తేమకి పైన జిడ్డులాంటి పొర పుడుతుంది. పుడితే నీళ్లతో, పీచుతో కడిగి, ఆరాక ఉప్పుకాగితం పట్టాలి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డు లోపలికే పోతుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి మార్చి సగానికల్లా ఎపాక్సీ పని ముగించుకోవడం మన వాతావరణానికి సరిపోయే లెక్క.

మూలల్లో పూసే ముద్దకి విడిగా పొడి కొననక్కర్లేదు. ఆచారి దగ్గర సన్నటి కర్ర పొడి తెచ్చి, పాత పంచె గుడ్డలో జల్లించి, రెజిన్‌లో కలపండి. సంకటిలా గట్టిగా ఉండకూడదు, సాంబారులా జారకూడదు. ఊరిబిండి (రోటి పచ్చడి) ఎలా ఉంటుందో అలా, గరిటెతో ఎత్తితే అంటుకుని నిలబడాలి. ప్లాస్టిక్ చెంచా వీపుతో మూల వెంట ఒక్క లాగు లాగితే చక్కటి గుండ్రటి ఒంపు వస్తుంది. గట్టిపడే లోపే దాని మీద ఫైబర్ పట్టీ వేసేయండి, సాండింగ్ తప్పుతుంది. చేతులకి తొడుగులు మర్చిపోవద్దు. ఎపాక్సీ అలర్జీ ఒకసారి వస్తే మళ్లీ పోదు.

పడవంతా ఫైబర్ బట్ట కప్పాలా అంటే, నా సమాధానం అడుగుకి మాత్రమే, అదీ బయటివైపు. చెరువు కట్ట రాళ్లూ, తుమ్మ మొద్దులూ తగిలేది అక్కడే. మిగతాచోట రెండు మూడు పూతల ఎపాక్సీ చాలు, బట్ట బరువు మిగులుతుంది. అడుగున పొడుగ్గా రెండు టేకు పట్టీలు బిగించండి, అరిగితే మార్చుకోవచ్చు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి జిగురు పూసే ముందు అసిటోన్‌తో తుడవాలి. ఎపాక్సీకి ఎండ పడదు, పైన పెయింటు తప్పనిసరి. లేత రంగు వేయండి. ముదురు రంగు పడవలో మధ్యాహ్నం కూర్చోలేరు.

తెడ్లు

తెడ్డు పొడవు పడవ వెడల్పుని బట్టి ఉంటుంది. నాలుగడుగుల వెడల్పుకి ఏడడుగుల తెడ్లు సరిపోతాయి. కర్రతో చేస్తే తేలికైన, నార సూటిగా పోయే కర్ర వెతకాలి. టేకు తెడ్డు అందంగా ఉంటుంది గానీ గంట తర్వాత మణికట్టు చెప్తుంది. నేను మొదట్లో పందిళ్లకు వాడే వెదురు బొంగులు తెచ్చి, చివర చీల్చి, 6 ఎంఎం ప్లై రెక్క దూర్చి, ఎపాక్సీతో అతికించి నైలాన్ దారం చుట్టాను. మొదటి ఏడాదికి అవి భేషుగ్గా పనిచేశాయి. ఎండకి కణుపుల మధ్య పగులు వస్తుంది కాబట్టి దగ్గర దగ్గర కణుపులున్న బొంగు ఎంచుకోండి. మీ చేతికి ఏ పొడవు నప్పుతుందో తెలిశాక కర్రవి చేయించుకోవచ్చు.

తెడ్డు ఆనడానికి లోహపు కొక్కేలు మన దగ్గర దొరకడం కష్టం. అంచుకర్రలో ఒక గట్టి కొయ్య మేకు దించి, తెడ్డుని తాడు మోకుతో దానికి తగిలిస్తే పని జరిగిపోతుంది, జాలరులు వాడేదీ అదే. మేకు మీరు కూర్చునే పలక వెనక అంచు నుంచి, పడవ వెనకవైపుకి, అడుగు దూరంలో ఉండాలి. తెడ్డేసేవాళ్లు వెనకవైపు తిరిగి కూర్చుంటారు కాబట్టి అది మీ ముందు ఉంటుంది. మేకు శాశ్వతంగా బిగించే ముందు క్లాంపులతో నిలబెట్టి ఒకరోజు తెడ్డేసి చూడండి. కాళ్లు తన్నిపెట్టడానికి అడ్డకర్ర కూడా ఆరోజే చోటు చూసుకుని పెట్టుకోవచ్చు.

మొదటి రోజు, మిగతా రోజులు

ముందు పలకకీ, వెనక పలకకీ ఆనుకుని ఉండే పీటలను మూసిన పెట్టెల్లా చేయండి. రెండూ కలిపి వంద లీటర్ల ఖాళీ ఉంటే, పడవ నిండా నీళ్లొచ్చినా మిమ్మల్ని పట్టుకుని తేలుతుంది. దాన్ని నోటిమాటగా నమ్మకండి. మొదటి రోజు నడుము లోతు నీళ్లలో, ఇద్దరూ లైఫ్ జాకెట్లు వేసుకుని, పడవను కావాలని వంచి నీళ్లతో నింపండి. అంచు ఎంత పైకి ఉందో చూడండి, పట్టుకుని వేలాడండి, తర్వాత బకెట్‌తో తోడండి. మేం 20 నిమిషాలు తోడాం. ఒక పెట్టె మూలలో బుడగలు వస్తున్నాయని అప్పుడే తెలిసింది, ఇంటికొచ్చి మళ్లీ ముద్ద పూశాను. లైఫ్ జాకెట్ ఈతగాళ్లకి కూడా తప్పనిసరి. చెరువు అడుగున బురదలో కాలు కూరుకుంటే ఈత పనిచేయదు.

నీళ్లు తగ్గాక పడవను ఇంటికి తెచ్చి, మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. పెట్టెల మూతలు తెరిచే ఉంచండి. బోర్లించి నేల మీద పెట్టొద్దు, చెదలు మందు పట్టించిన ప్లైని వదిలినా అంచుకర్రను వదలవు. నా పడవ ఇప్పుడు షెడ్డు పైపులకి రెండు పాత చీర పట్టీలతో వేలాడుతోంది. మా అమ్మ దాని కింద వడియాలు ఆరబెడుతుంది. నవంబరులో చెరువుకి నీళ్లొచ్చాయని ఫోన్ రాగానే పట్టీలు విప్పుతాం.